కరివేపాకుమీద పేరు నిలిచిన వైద్యుడు

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 4:29–34, 1 కొరింథీయులకు 3:5–9



మా సంఘములో కోతపండుగ ఆరాధనయైన తరువాత ప్రేమవిందు జరుగుట వాడుక. విందు ముగిసి విస్తళ్లు ఎత్తువేళ మేము ఒక సంగతి గమనించితిమి. అన్నము మిగిల్చిన విస్తరి ఒకటియు లేదు. కరివేపాకు మిగల్చని విస్తరియు ఒకటి లేదు. పప్పులోనుండి, చారులోనుండి ఏరిన ఆకులు ప్రతి విస్తరి అంచున పడియున్నవి. పని తీరిన తరువాత మనిషిని విడిచిపెట్టినయెడల, కూరలో కరివేపాకువలె తీసిపారవేసినారని మనవారు చెప్పుకొందురు గదా. ఆకు అంచునకు పోయినను దాని వాసన మాత్రము కూర అంతటిలోను ఉండును. తిన్నవానికి అది తెలియదు.

ఈ కరివేప చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక మనుష్యుని పేరు దాగియున్నది. ఆయన మన లూథరను మిషనులలో మొదటిదైన ట్రాంకెబారు మిషనుకు వైద్యుడుగా వచ్చినవాడు. తరువాత ఆర్కాటు నవాబుగారి కొలువులో మొక్కల పండితుడుగా ఉండెను. తుదకు మన తెలుగు నేలమీదనే, కాకినాడ జగన్నాథపురములో కన్నుమూసెను. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కేనిగ్. ఈ నెల ఆయన జీవితమును మనము ధ్యానింతము.

మొదట వాక్యమును చూతము. సొలొమోను జ్ఞానమును గూర్చి చెప్పునప్పుడు రాజుల గ్రంథము ఆయన మందిరమును మాత్రమే చెప్పి ఊరకుండలేదు. లెబానోనులోని దేవదారు మొదలుకొని గోడమీద మొలచు హిస్సోపు వరకు ఆయన చెట్లను గూర్చి మాటలాడెనని వ్రాసియున్నది. గోడ పగులులో మొలచిన మొక్కను గూర్చి తెలిసికొనుట కూడ దేవుడిచ్చిన జ్ఞానములో భాగమేనని దీనివలన మనకు తెలియుచున్నది. నెహెమ్యా గ్రంథములో రాజుగారి అడవిని కాయు ఆసాపు అనువాడు ఒకడు కనబడును. అతని చరిత్ర మనకేమియు చెప్పబడలేదు. అయినను అతడు కాచిన అడవి మ్రానులే యెరూషలేము గుమ్మములకు దూలములాయెను. ప్రవక్త వెనుకను, యాజకుని వెనుకను, చెట్లు కాయువాడు ఒకడు నిలిచియున్నాడు.

కేనిగ్ 1728 నవంబరు 29న లివోనియా అను ప్రాంతములో జన్మించెను. అది నేటి లాత్వియా దేశములో చేరినది. యౌవనములో ఆయన మందులు కూర్చు విద్య నేర్చుకొనెను. ఆ దినములలో మందులన్నియు దాదాపుగా మొక్కలనుండి వచ్చునవే. కాబట్టి మొక్కను సరిగా గుర్తింపలేనివాడు మందు కూర్పలేడు. ఒక ఆకునకు బదులు మరియొక ఆకు పడినయెడల రోగి ప్రాణమే పోవును. ఆ విద్యను పరిపూర్ణము చేసికొనుటకై ఆయన 1757లో స్వీడను దేశమునకు పోయి, లిన్నేయసు అను మహా పండితునియొద్ద శిష్యుడాయెను.

లిన్నేయసు ఒక లూథరను పాస్టరుగారి కుమారుడు. ఆ తండ్రికి తోటపనియందు మిక్కిలి ప్రీతి. కుమారునికి మొక్కలమీద ప్రేమ ఆ ఇంటి తోటలోనే పుట్టెను. అంతవరకు ఒక్కొక్క మొక్క పేరు ఒక చాంతాడువలె ఉండెడిది. లిన్నేయసు 1753లో ప్రతి మొక్కకును రెండే మాటల పేరు ఏర్పరచెను. మనకు ఇంటిపేరు, పెట్టిన పేరు ఉన్నట్లే మొక్కకును రెండు పేర్లు. దీనివలన ఏ దేశపువాడు చెప్పినను అది ఏ మొక్కయో అందరికి తెలిసెను. ఆయన శిష్యులు భూమి నలుదిక్కులకు పోయి, కనబడిన మొక్కనెల్ల ఎండబెట్టి గురువునకు పంపుచుండిరి.

కేనిగ్ 1759 మొదలు డెన్మార్కులో నివసించెను. అప్పుడు డెన్మార్కు రాజుగారు తమ రాజ్యమందలి మొక్కలన్నిటికిని బొమ్మలతో ఒక గొప్ప గ్రంథము వేయించుచుండిరి. ఆ పనిమీద కేనిగ్ 1764, 1765 సంవత్సరములలో మంచుగాలులు వీచు ఐస్లాండు దీవిలో తిరిగెను. అక్కడ వ్రేలెడంత ఎత్తయినను లేని ఒక చిన్న మొక్క ఆయన కంటబడెను. పశువులు కూడ దానిని గమనింపక త్రొక్కుకొని పోవును. దానికి లిన్నేయసు 1767లో తన శిష్యుని పేరుమీదుగా కేనిగియా అని పేరు పెట్టెను. జర్మను భాషలో కేనిగ్ అనగా రాజు. రాజు అను పేరు ఎంత చిన్న మొక్కకు దొరికెనో చూడుడి!

అదే 1767లో ఆయన హిందూదేశమునకు ఓడ యెక్కెను. త్రోవలో 1768 ఏప్రిలు నెలలో దక్షిణాఫ్రికా కొనయందలి కేప్ రేవులో ఓడ నిలిచినప్పుడు, ఆయన అక్కడి మొక్కలను కూడ సమకూర్చెను. పిదప తమిళదేశపు తీరమందలి తరంగంబాడికి, అనగా ట్రాంకెబారుకు చేరెను.

ట్రాంకెబారు అనగా మన సంఘములకు పుట్టినిల్లువంటిది. డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరిక్ పంపగా 1706లో సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు యౌవనస్థులు అక్కడ దిగిరి. ఆ మిషనునుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అయ్యగారు తెలుగు నేర్చి, 1746లో జర్మనీలోని హాలె పట్టణములో తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను. అవే తెలుగులో తొలి అచ్చుపుస్తకములు. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరు చేరుటకు దాదాపు వంద సంవత్సరములు ముందే మన భాషలో సువార్త అచ్చుపడెనన్నమాట. అటువంటి మిషనుకు కేనిగ్ వైద్యుడాయెను.

రోగులను చూచుట ఆయన ఉద్యోగము. మొక్కలను వెదకుట ఆయన ప్రాణము. ఆయనను చూచి మిషనరీలును, వైద్యులును కొందరు కూడుకొని ఐక్య సహోదరులు అను చిన్న సమాజముగా ఏర్పడిరి. ఒకరికి దొరికిన మొక్కను మరియొకరికి పంపుచు, పేర్లు నిర్ణయించుచు ఉండిరి. ఈ పని తేలికయని తలంపవద్దు. మొక్కను పువ్వుతో, కాయతో, వేరుతో సహా తీసి, కాగితముల నడుమ పరచి, బరువు పెట్టి, ప్రతిదినము తడి కాగితము తీసి పొడి కాగితము మార్చవలెను. దొరికిన చోటును, ఊరివారు చెప్పిన పేరును, గుణమును వ్రాయవలెను. వానాకాలము వచ్చిన బూజు పట్టును. ఏమరినయెడల చెదలు తినివేయును. పల్లెలో పుస్తకములు దాచుకొను పాస్టర్లకు ఈ బాధ చక్కగా తెలియును. ఆ చెదపురుగులను గూర్చియు కేనిగ్ ఊరక విసుగుకొనక, వాటి నడవడిని శ్రద్ధగా చూచి 1779లో జర్మను భాషలో ఒక వ్యాసము ప్రకటించెను. తొలకరి వానకు పుట్టలనుండి లేచు ఉసిళ్లను మనవారు పట్టి వేయించుకొని తినుట కూడ ఆయన కంటబడెను.

ఈ కాలముననే ఆయన పంపిన కరివేప కొమ్మ లిన్నేయసుకు చేరెను. 1771లో గురువు ఆ చెట్టునకు బెర్గెరా కేనిగీ అని పేరు పెట్టెను. తరువాతివారు దానిని ముర్రయా కేనిగీ అనిరి. ఇంటిపేరు పండితుల లెక్కలో మారుచు వచ్చెను గాని, పెట్టిన పేరు నేటివరకు మారలేదు. అయితే ఆ చెట్టును ఆయన సృష్టింపలేదు, మొదట కనుగొనలేదు కూడ. వేపవంటి ఆకుగలదని కరివేప అని పిలిచి, పోపులో వేసిన మన తల్లులు ఎన్నో తరములకు ముందే దానిని ఎరుగుదురు. కేనిగ్ చేసినదేమనగా, మన పెరటి చెట్టును లోకమంతటికి తెలిసిన చెట్ల పట్టికలో చేర్చుట. అందుకై ఆయన మనవారిని అడిగి తెలిసికొనెను. అడిగి తెలిసికొనుట వినయముగల పండితుని లక్షణము.

1773లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టమిచ్చెను. అయితే పట్టముతో ప్రయాణపు ఖర్చు తీరదు. మిషను ఇచ్చు జీతము దూరపు కొండలకు పోవుటకు చాలలేదు. 1774లో ఆయన మిషను కొలువు విడిచి, ఆర్కాటు నవాబైన మహమ్మదాలీ వాలాజాగారి కొలువులో ప్రకృతిశాస్త్ర పండితుడుగా చేరెను.

ఇక్కడ మనము కొంచెము నిలువవలెను. దేవుని సేవలో చేతులు వేసినవాడు జీతము చాలదని రాజుగారి కొలువునకు పోవచ్చునా? ఈ ప్రశ్న మమ్మును చాలదినములు వేధించినది. ఆ కొలువు పరిశుద్ధుల కొలువు కాదు. నవాబుగారు చేపాకు మహలు కట్టించి వైభవముగా ఉండిరి గాని, ఇంగ్లీషువారియొద్ద చేసిన అప్పులలో మునిగియుండిరి. పరగణాల శిస్తులు ఆ అప్పులకు జమయగుచుండెను. మన ఒంగోలును, పల్నాడును ఆ కాలమున నవాబుగారి ఏలుబడిలోనివే. 1801లోగాని అవి కంపెనీ వశము కాలేదు. కాబట్టి కేనిగ్‌కు జీతమిచ్చిన ఖజానాలో మన నల్లరేగడి రైతుల చెమట కూడ ఉండెను. ఈ సంగతి దాచి ఆయనను పొగడుట మాకిష్టము లేదు.

అయినను యోసేపు ఫరో కొలువులో ఉండెను. దానియేలు బబులోను కొలువులో ఉండెను. నెహెమ్యా రాజుగారికి ద్రాక్షారసమందించెను. దేవుడు వారిని ఆ కొలువుల పేరుతో తీర్పు తీర్చలేదు. ఆ కొలువులో ఎట్లుండిరని చూచెను. కేనిగ్ నవాబుగారి జీతముతో మహళ్లు కట్టుకొనలేదు. వేలూరు, ఆంబూరు కొండలలో తిరిగెను. 1776లో మద్రాసుకు ఉత్తరమున నగరి కొండలెక్కెను. ట్రాంకెబారు సహోదరులతో స్నేహమును విడువలేదు. కొలువు మారెను గాని పని మారలేదు.

1778 జూలై 17న ఈస్టిండియా కంపెనీవారు మద్రాసులో ఆయనకు నెలజీతము ఏర్పరచి తమ పండితునిగా చేసికొనిరి. కంపెనీవారి కోరిక తేటగానే ఉండెను: వర్తకమునకు పనికివచ్చు సుగంధద్రవ్యములు, రంగులు, మందులు ఎక్కడ దొరకునో తెలియవలెను. ఆయన ఆ సంవత్సరమే ఓడ యెక్కి సయాము, మలక్కా ప్రాంతములకు పోయి, 1780లో తిరిగివచ్చెను. సింహళమునకును పోయెను. సయాము ప్రయాణమును గూర్చి ఆయన వ్రాసికొన్న దినచర్య ఆయన జీవితకాలములో అచ్చుకాలేదు. ఆయన మరణించిన వంద సంవత్సరములకు పైగా గడచిన తరువాత, 1894లో ఇంగ్లీషులో వెలువడెను. తన వ్రాత అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు కొంచెమే కలిగెను.

1784లో ఆయన కలకత్తాకు పోవుచు, విశాఖపట్టణములో వైద్యుడైన పాట్రిక్ రస్సెలును కలిసికొనెను. ఆ తరువాత జిగట విరేచనముల రోగము ఆయనను పట్టుకొనెను. ఎందరికో మందిచ్చిన చేతులు ఇప్పుడు మంచము పట్టెను. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు ఆయనకు పరిచర్య చేసెను. రాక్స్‌బరో వయస్సులో కేనిగ్‌కన్న ఇరువది సంవత్సరములు పైగా చిన్న. మొక్కల విషయములో ఆయనకు స్నేహితుడు. అయినను రోగము తగ్గలేదు. 1785 జూన్ 26న జగన్నాథపురములో కేనిగ్ ప్రభువునందు నిద్రించెను. ఆయన వయస్సు 56 సంవత్సరములు. ఆయన తన వ్రాతప్రతులన్నిటిని లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సునకు చెందునట్లు విడిచిపెట్టెను. పుట్టిన ఊరికి ఎన్నో వేల మైళ్ల దూరమున, గోదావరి మండలపు సముద్రపుగాలిలో, ఆయన ప్రయాణము ముగిసెను.

అంతటితో కథ ముగిసెనా? పౌలు కొరింథీయులకు వ్రాసినదానిని తలంచుడి. ఒకడు నాటును, మరియొకడు నీరు పోయును, వృద్ధి కలుగజేయువాడు దేవుడే. కేనిగ్ ఖాళీచేసిన ఉద్యోగమునకు రస్సెలు వచ్చెను. ఆయన ఈ తీరపు పాములను గూర్చి 1796లో పుస్తకము ప్రకటించి, ఊరివారు చెప్పిన తెలుగు పేర్లనే అందులో వ్రాసెను. కట్లపాముల జాతికి శాస్త్రములో నిలిచిన బంగారస్ అను పేరు మన బంగారము అను మాటనుండి వచ్చినదే. రస్సెలు తరువాత ఆ ఉద్యోగము రాక్స్‌బరోకు దొరికెను. ఆయన సామర్లకోటలో తోట వేసి మిరియము, కాఫీ, మల్బరీ మొదలైనవాటిని పెంచి చూచెను. 1793లో కలకత్తా కంపెనీతోటకు అధికారియాయెను. 1795 మొదలుకొని మూడు సంపుటములుగా వెలువడిన ఆయన కోరమండలు మొక్కల గ్రంథములో 300 బొమ్మలున్నవి; మన తెలుగు పేర్లును ఉన్నవి. ఆ బొమ్మలు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. వారి పేర్లు ఆ పుస్తకములో అచ్చుకాలేదు. మనుష్యుల పుస్తకములో లేని పేరు దేవుని పుస్తకములో లేకపోదు.

మరియొక శాఖ కూడ చిగిర్చెను. 1776లో ట్రాంకెబారు చేరిన రాట్లరు అయ్యగారు కేనిగ్ వేసిన బాటలోనే నడచెను. ఆయన జీవితమంతయు సువార్త ప్రకటించెను, తమిళ నిఘంటువు కూర్చెను, 1836లో మరణించువరకు మొక్కల పరిశోధకుడుగానే ఉండెను. ప్రసంగపు పుస్తకమును మొక్కల సంచియు ఒకే భుజమున మోసెను. ఒకటి మరియొకదానికి బరువు కాలేదు.

ఇప్పుడు మేము మా తప్పొకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక కూలివాని కుమారుడు, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువవలెనని ఆశపడి, సిఫారసు ఉత్తరమునకై మా యొద్దకు వచ్చెను. చక్కగా పాడువాడు, వాక్యము తేటగా చదువువాడు. అతనిని సెమినరీకి పంపవలెనని మా మనస్సులో ఉండెను. మొక్కల చదువులో దేవుని సేవ ఏమున్నదని మేము ముఖముమీదనే అంటిమి. అతడు తల వంచుకొని పోయెను. మరియొకరియొద్ద ఉత్తరము తీసికొని చదివెను గాని, చాలకాలము మా గుమ్మము త్రొక్కలేదు.

2021లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరపతోటలను ఎంత పాడుచేసెనో మీరందరు ఎరుగుదురు. పువ్వు నిలువక రాలిపోయెను. అప్పుతెచ్చిన మందులు కొట్టి కొట్టి రైతులు అలసిపోయిరి. ఒకనాటి సాయంకాలము, మా సంఘపు విధవరాలు కౌలుకు చేయుచున్న చేనిలో ప్రార్థన చేయుటకు మేము పోతిమి. ఆ యౌవనస్థుడు మాకన్న ముందే అక్కడ ఉండెను. మోకాళ్లమీద వంగి, మిరపపువ్వును అరచేతిలో విదిల్చి, పురుగును ఆమెకు చూపించుచుండెను. మరల అప్పుచేసి మందు కొట్టవద్దనియు, నీలిరంగు జిగురు అట్టలు ఎట్లు కట్టవలెననియు నెమ్మదిగా చెప్పుచుండెను. మేము ప్రార్థన చేయకమునుపే ఆ చేనిలో పరిచర్య జరుగుచుండెను. ఆ చేని గట్టుమీదనే మేము అతనిని క్షమింపుమని అడిగితిమి. అతడు మా చేతులు పట్టుకొనెను. నేటికి ప్రతి ఆదివారము దేవాలయములో పాట ఎత్తువాడు అతడే.

ప్రియులారా, మన మైదానమును చూడుడి. మన పేరు నిలిపిన మిరప మన నేలది కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. దానిని మొదట ఇక్కడ నాటిన చెయ్యి ఎవరిదో ఏ కారము ముద్దకును తెలియదు. లాం ఫారములో ఎండలో నిలిచి ఎల్‌సీఏ 334 వంటి విత్తనములు ఏర్పరచినవారి పేర్లను మనలో ఎందరు ఎరుగుదురు? ప్రత్తి తీయు స్త్రీల పేర్లు ఏ వస్త్రముమీద నేయబడినవి? లోకము కరివేపాకువలె అంచునకు త్రోసినవారివలననే మన విస్తరి నిండుచున్నది.

కాబట్టి మూడు సంగతులు మనస్సున ఉంచుకొందము. మొదటిది, దేవుడు చిన్నదిగా చేసినదానిని మనము చిన్నచూపు చూడరాదు. ఐస్లాండు గడ్డిలో వ్రేలెడు మొక్కకైనను పేరు దక్కెను. రెండవది, ప్రసంగపీఠము మాత్రమే దేవుని సేవయని మా వంటి కాపరులు తలంపరాదు. చేనిలో, ఆసుపత్రిలో, ప్రయోగశాలలో నమ్మకముగా ఉన్న బిడ్డ మనలను విడిచి పోయినవాడు కాడు. మూడవది, మన పని ఫలమును మనమే చూడవలెనని పట్టుపట్టరాదు. కేనిగ్ తన దినచర్య అచ్చులో చూడలేదు. అయినను ప్రతి ఉదయము లక్షల ఇండ్లలో పోపు చిటపటమనునప్పుడు ఆయన పేరుగల ఆకు నూనెలో పడుచున్నది.

పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ సమాధియొద్ద మన ప్రభువును చూచి, తోటమాలి అనుకొనెను. ఆమె పొరపడెనని మనమందుము. అయితే ఏదెనులో మొదటి తోట నాటినవాడు ఆయనే గదా! ఆమె కన్నీళ్లలో చూచినదానిలోను సత్యముండెను. ఆ తోటమాలి ఏ రెబ్బను తీసి పారవేయడు.

ప్రార్థన: చెట్లను మొలిపించిన తండ్రీ, పొలములోను, వైద్యశాలలోను, పేరులేక పనిచేయు నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారిని చిన్నచూపు చూచిన మమ్మును క్షమించుము. మా మిరప, ప్రత్తి చేలను కాపాడుము. అప్పులతో క్రుంగిన రైతులను లేవనెత్తుము. నీవు మాకిచ్చిన చోట, నీవిచ్చిన పనిలో, తుదివరకు నమ్మకముగా ఉండు కృప దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.